నోటికెక్కిన పాట, చిప్పుకెక్కిన పాట

తెలుగులో ‘ఎక్కించడం’ అనే మాట ఎన్ని పనులు చేస్తుందో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. బండికి బస్తాలు ఎక్కిస్తాం. ఒంటికి సెలైన్ ఎక్కిస్తాం. పిల్లల బుర్రకి లెక్కలు ఎక్కిస్తాం. పాట నోటికెక్కుతుంది, కీర్తన రాగిరేకుకెక్కుతుంది, కథ గ్రంథానికెక్కుతుంది. 2005 తర్వాత ఓ పదేళ్ళపాటు మా చిత్తూరు జిల్లా ఊళ్ళలో ఏ సెల్లు షాపు ముందు చూసినా ‘పాటలు ఎక్కించబడును’ అన్న అట్టముక్క ఒకటి వేలాడుతుండేది. మెమరీ కార్డు ఇస్తే షాపు కుర్రాడు తన కంప్యూటరులోంచి వందలకొద్దీ పాటలు అందులోకి దించి ఇచ్చేవాడు. దాన్ని ‘దించడం’ అనాలి నిజానికి. కానీ మన జనం ‘ఎక్కించడం’ అనే అన్నారు. వాళ్ళ భాషాజ్ఞానం మీద నాకు గౌరవం. ఎందుకంటే పాటను ఎక్కడికో ఒకచోటికి ఎక్కించుకుని వెంట మోసుకెళ్ళడం అనే పని సెల్లు షాపుతో పుట్టింది కాదు.

వెంట తీసుకెళ్ళే సంగీతం గురించి రాసిన చరిత్రలన్నీ 1979 జూలై 1న జపాన్‌లో మొదలవుతాయి. ఆ రోజు సోనీ కంపెనీ వాక్‌మన్‌ని మార్కెట్లోకి తెచ్చింది. చెవుల్లో పాట పెట్టుకుని నడిచే మనిషి, పరుగెత్తే మనిషి అప్పుడే పుట్టాడని ఆ చరిత్రలు చెప్తాయి. కదిలే ఒంటికి పాట కావాలన్న సంగతి అంతకుముందు ఎవరికీ తెలియనట్టు! నేను మాత్రం కార్వేటినగరం నుంచి మొదలుపెడతాను. అది మా అమ్మ పుట్టిన ఊరు కావడం ఒక కారణం. అసలు కారణం వేరే ఉంది. ఒంటిని సాధనకు పెట్టడం కోసం పనిగట్టుకుని సంగీతం తయారుచేసిన ఊళ్ళలో అదొకటి.

బొమ్మరాజుల సంస్థానంగా ఉన్న రోజుల్లో ఈ ఊళ్ళో ఇద్దరు వాగ్గేయకారులు ప్రసిద్ధులు. ఒకరు వేణుగోపాల ముద్రతో పదాలు రాసిన సారంగపాణి. ఇంకొకరు వర్ణాలు కట్టిన గోవిందసామయ్య. వర్ణాన్ని మన సంగీతంలో అభ్యాసగానం కింద లెక్కపెడతారు. సరళీలు, జంటలు, అలంకారాలు, గీతాలు అయ్యాక వర్ణం. ఒకే నడకని ఒక కాలంలో, తర్వాత రెట్టింపు వేగంలో పాడించి గొంతుకి దమ్ము నేర్పే రచన అది. పదవర్ణమైతే గొంతుతోపాటు కాళ్ళకి కూడా. జతుల దగ్గర అడుగు, సాహిత్యం దగ్గర అభినయం, మళ్ళీ స్వరం దగ్గర అడుగు. నాట్యకచేరీలో అన్నిటికంటే ఎక్కువ చెమట పట్టించేది వర్ణమేనని నాట్యం నేర్చుకున్న ఏ అమ్మాయినడిగినా చెప్తుంది. ఇప్పటి జిమ్ముల్లో ‘వర్కవుట్ మ్యూజిక్’ అంటున్నదాని లక్షణాలు చూడండి: నిలకడైన లయ, మెల్లగా మొదలై వేగం పెరగడం, అలసటని మరిపించే మలుపు. ఇవన్నీ అందులో ఉన్నాయి.

మరి ఆ వర్ణాలూ పదాలూ ఎందులోకి ఎక్కాయి? ఆడవాళ్ళ ఒంట్లోకి. ఆలయాల్లో, ఆస్థానాల్లో ఆడిపాడిన దేవదాసీ కుటుంబాల స్త్రీల నోటికి, కాలికి, చేతివేళ్ళకి ఎక్కి, తల్లి నుంచి కూతురికి, పెద్దమ్మ నుంచి చెల్లెలి బిడ్డకి దిగుతూ వచ్చాయి. రచయిత పేరు ముద్రగా పాటలోనే మిగిలింది. మోసినవాళ్ళ పేర్లకి చోటు లేదు. సారంగపాణి పదాలు చదివినప్పుడల్లా నాకొకటి అనిపిస్తుంది. అందులో మాట్లాడే ఆడవాళ్ళది మా ప్రాంతపు నోటిభాష. సామెతలు, సాధింపులు, ఎత్తిపొడుపులు, మొహమాటం లేని కోరిక అన్నీ ఉంటాయి. ఆ భాషని ఆ మగకవి ఎక్కడ విన్నాడు? ఆడవాళ్ళ నోటి నుంచి కవి కలానికెక్కి, మళ్ళీ ఆడవాళ్ళ నోటికే ఎక్కిన పాట అది. మధ్యలో సంతకం మాత్రం మారింది.

ఇలా సంతకం మారడానికి ఇంకా పాత ఉదాహరణ పక్కనే తిరుమలలో ఉంది. దంపుళ్ళ పాట, తిరగలి పాట, గొబ్బిపాట మన ఆడవాళ్ళ శ్రమలో, ఆటలో పుట్టినవి. పదమూడో శతాబ్దంలోనే పాల్కురికి సోమనాథుడు గొబ్బిపదాలు, తుమ్మెదపదాలు, వెన్నెలపదాలు అంటూ జనం పాడుకునేవాటిని జాబితా వేశాడు. అన్నమాచార్యులు (1408-1503) ఈ బాణీలు తీసుకుని సువ్విపాటలు, గొబ్బిపాటలు రాశాడు. ఆయన సంకీర్తనల్ని రాగిరేకుల మీద చెక్కించి గుడిలో భాండారం కట్టి దాచారు. అవి 1922లో మళ్ళీ వెలుగులోకి వచ్చాయి. పద్నాలుగు వేలకు పైచిలుకు కీర్తనలు ఇవాళ మన చేతిలో ఉన్నాయంటే రాగి పుణ్యమే. అన్నమయ్యని తక్కువ చేయడానికి ఇది చెప్పడం లేదు. రోకలి చప్పుడులో కవిత్వం ఉందని గుర్తించినవాడాయన. కానీ రోకలి పట్టుకున్న ఆవిడ పాడిన పాటకి రాగిరేకు దొరకలేదు. ఆమె నిల్వ చేసుకోగలిగిన చోటు ఒక్కటే. ఎత్తి దించే రెండు చేతులు.

ఆ పాటల మీద మనకి కొంచెం ఎక్కువ మోజుంది. సెమినార్లలో దంపుళ్ళ పాటల మాధుర్యం గురించి పేపర్లు చదివేవాళ్ళలో రోకలి ఎత్తినవాళ్ళు ఎంతమంది? బియ్యం మిల్లు వచ్చి రోకలి మూలపడినప్పుడు మా అవ్వ ఏడవలేదు. “సచ్చినోళ్ళు అది ఇరవై ఏండ్లు ముందే తెచ్చుంటే నా నడుము నిలిచుండు” అంది. పాట పోయిందన్న బాధ ఆమె మాటల్లో నేను ఎప్పుడూ వినలేదు. పని లయని పాట మోసింది నిజమే, ఆ పనిని తప్పించుకోలేని స్థితిని కూడా మోసింది.

రోకలి పోయింది, తిరగలి పోయింది. మా చిన్నమ్మకి నలభై ఆరో ఏట షుగరు వచ్చింది. రోజూ నలభై నిమిషాలు నడవమని డాక్టరు చెప్పాడు. ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. చిన్నమ్మ జీవితంలో ఏ పనీ లేకుండా, చేతిలో ఏ వస్తువూ లేకుండా, ఎవరింటికీ కాకుండా ఊరికే నడిచే హక్కు ఆ చీటీతో వచ్చింది. నీళ్ళకి నడిచింది, పొలానికి నడిచింది, గుడికి నడిచింది. తన ఒంటికోసం నడవడానికి రోగం రావాల్సి వచ్చింది. మొదట్లో పొద్దున్నే చీకట్లో కోనేటి దిక్కు నడిచేది. ఎదురైనవాళ్ళు “ఏమ్మే, పొద్దన్నే యాడికి పోతా ఉండావు?” అనడిగేవాళ్ళు. “షుగరంట, డాక్టరు నడవమన్న్యాడు” అని ప్రతి మనిషికీ సంజాయిషీ. చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాక ఆ అడగడం సగం తగ్గింది. పాట వినడం కంటే అది చిన్నమ్మకి ఎక్కువ నచ్చిందని నా అనుమానం.

వాక్‌మన్ తయారుచేసినవాళ్ళకి ఈ ఒంటరి వినికిడి గురించి భయం ఉండేది. మొదటి మోడల్‌కి రెండు హెడ్‌ఫోన్లు పెట్టుకునే ఏర్పాటు, మధ్యలో పక్కమనిషి మాట వినడానికి ఒక బటను కూడా పెట్టారు. ఒక్కరే పాట వింటూ ఉండడం మర్యాద కాదని సోనీ అధిపతి అకియో మొరితా అనుకోవడమే కారణం. తర్వాతి మోడళ్ళలో అవి పోయాయి. పక్కవాళ్ళకి వినబడకుండా ఉండడమే జనానికి కావాల్సింది అని తేలింది. ఉమ్మడి ఇంట్లో, నలుగురి మధ్య, ఏ గదికీ గడియ లేని జీవితంలో ఆడదానికి ఆ తీగ ఇచ్చే ఏకాంతం ఎంత విలువైనదో ఆ ఇంజనీర్లు ఊహించి ఉండరు.

మా ఇళ్ళకి వాక్‌మన్ రాలేదు. వచ్చింది టేప్‌రికార్డరు. ఫిలిప్స్ కంపెనీ 1963లో తెచ్చిన క్యాసెట్టు మన దగ్గర ఎనభైల్లో ఇంటింటికీ చేరింది. పుత్తూరులోనో, తిరుపతిలోనో రికార్డింగ్ సెంటర్‌కి ఖాళీ క్యాసెట్టు, కాగితం మీద పాటల జాబితా ఇస్తే వారం తర్వాత రికార్డు చేసి ఇచ్చేవాళ్ళు. అరవై నిమిషాల క్యాసెట్టులో పన్నెండో, పదమూడో పాటలు పట్టేవి. మా అమ్మ పెళ్ళికి ముందు రాసుకున్న జాబితా ఒకటి పాత పుస్తకంలో నాకు దొరికింది. అది అమ్మ రాత. పైన మామయ్య రాతలో దిద్దుబాట్లున్నాయి. మూడు పాటలు కొట్టేసి వేరే మూడు రాశాడు. ఊరికి పోయి ఇచ్చి వచ్చేది ఆయనే కదా. నాకు ఆ కాగితం మన సంగీత చరిత్రకి ఒక మూలపత్రంలాగే కనిపిస్తుంది. ఆడవాళ్ళ అభిరుచి అని మనం అనుకునేదాంట్లో ఎన్ని కొట్టివేతలుంటాయో లెక్కపెట్టినవాళ్ళు లేరు.

కొంచెం వెనక్కి వెళ్తే మన దేశంలో గ్రామఫోన్ రికార్డులకి మొదట్లో గొంతు ఇచ్చినవాళ్ళలో కూడా ఆడవాళ్ళే ముఖ్యులు. 1902లో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చినప్పుడు రికార్డుకి పాడినవాళ్ళలో గౌహర్ జాన్ ముఖ్యురాలు. ‘పరువైన’ ఇళ్ళ ఆడవాళ్ళు గొంతుని పెట్టెలో పెట్టడానికి వెనకాడిన కాలంలో తవాయిఫ్‌లు, దేవదాసీలు ముందుకొచ్చారు. మూడు నిమిషాల్లో రాగమంతా కుదించి, పాట చివర గౌహర్ జాన్ ఇంగ్లీషులో తన పేరు గట్టిగా చెప్పుకునేది. రికార్డులు అచ్చువేసేది జర్మనీలో. అక్కడివాళ్ళకి ఏ రికార్డు ఎవరిదో తెలియాలి కాబట్టి. అవసరం కోసం చేసిన పనే, కానీ అందులో ఒక ధీమా ఉంది. ఇన్నాళ్ళూ గొంతు మోసినవాళ్ళలో ఒకామె తన సంతకాన్ని తానే పాటకి అంటించింది. దక్షిణాదిలో వీణ ధనమ్మాళ్ (1867-1938) ఇంటి ఆడవాళ్ళు క్షేత్రయ్య, సారంగపాణి పదాల్ని నోటికెక్కించుకుని నిలబెట్టారు. మనవరాళ్ళు బృంద, బాలసరస్వతి లేకపోతే కార్వేటినగరం పదం ఎలా వినబడేదో ఇవాళ మనకి తెలిసేదే కాదు. 1947లో రెండు ఘటనలు జరిగాయి. ముద్దుపళని రాధికాసాంత్వనం మీద నిషేధం పోయింది. అదే ఏడాది మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ చట్టం వచ్చి గుళ్ళలో ఆ స్త్రీల నాట్యాన్ని నిషేధించింది. పుస్తకం విడుదలైంది, పాడేవాళ్ళు ఇంట్లోకి వెళ్ళిపోయారు. అంకితమివ్వడం అనే దోపిడీ ఆగాల్సిందే, అందులో సందేహం లేదు. కానీ ఆ ఒళ్ళలోకి ఎక్కి ఉన్న విద్యని దించుకునే ఏర్పాటు ఏదీ ఆ చట్టంలో లేకపోయింది. తర్వాత అది వేరే కులాల ఆడపిల్లల అరంగేట్రాలకి చేరిన కథ మీకు తెలిసిందే.

ఇక ఎంపీత్రీ. జర్మనీలో ఫ్రౌన్‌హోఫర్ సంస్థలో కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బుర్గ్ బృందం ఈ పద్ధతిని సరిచూసుకోవడానికి వాడిన పాటల్లో సుజాన్ వేగా వాయిద్యాలు లేకుండా పాడిన పాట ఒకటుంది. వట్టి ఆడగొంతు. మొదట్లో అది మరీ ఘోరంగా వినిపించిందట. వాయిద్యాల వెనక దాచుకునే వీలు లేదు కదా. ఆ గొంతు చెడకుండా వినబడేదాకా మళ్ళీ మళ్ళీ దిద్దారు. ఈ కుదింపు వెనకున్న సూత్రం తెలుసుకోదగ్గది. పెద్ద చప్పుడు పక్కనున్న చిన్న చప్పుడు మనిషి చెవికి అందదు. అందనిదాన్ని దాచిపెట్టడం దండగ, పారేయవచ్చు. అలా పారేస్తూ పోతే పాట పదకొండో వంతుకి చిక్కిపోతుంది, నిమిషానికి దాదాపు ఒక మెగాబైటు. 1995 జూలైలో దీనికి ‘ఎంపీత్రీ’ అన్న తోకపేరు ఖాయమైంది. 1998లో వచ్చిన రియో అనే ప్లేయరులో 32 మెగాబైట్లు పట్టేవి. అంటే అరగంట పాట. రికార్డు కంపెనీలు దాని మీద కేసు వేసి 1999లో ఓడిపోయాయి. 2001 అక్టోబరులో ఐపాడ్, 2005లో తెర కూడా లేని చిన్న షఫుల్, 2006లో బూటులో పెట్టుకునే మీటతో కలిపి పరుగుని లెక్కపెట్టే ఏర్పాటు. అవన్నీ కంప్యూటరూ, కొనుక్కున్న పాటలూ ఉన్నవాళ్ళ కథ. ఐట్యూన్స్ పాటల దుకాణం మన దేశంలో తెరిచేసరికి 2012 డిసెంబరు అయింది. అప్పటికి మా ఊళ్ళ చెవులన్నీ చిప్పులతో నిండిపోయి ఉన్నాయి.

చిప్పు విషయంలో ఆడపిల్లలకి వేరే భయం ఉండేది. మగవాళ్ళు రాసిన సాంకేతిక చరిత్రల్లో అది నాకు కనబడలేదు. చిప్పులో పాటలకి చోటుంటే ఫోటోలకీ చోటుంటుంది. షాపు కౌంటరు మీద చిప్పు పెట్టి వెళ్ళి సాయంత్రం వచ్చి తీసుకోవడమంటే మన ఇంటి అల్బం తెలియని మగవాడి చేతికిచ్చి రావడమే. నేను డిగ్రీ చదివేటప్పుడు హాస్టలు అమ్మాయిలు ఇందుకోసం రెండో చిప్పు కొనుక్కునేవాళ్ళు, ఉత్త పాటలకి. అదీ లేనివాళ్ళు తమ్ముడితో పంపేవాళ్ళు. అంటే మా అమ్మ కాగితం మీద మామయ్య దిద్దుబాటు మళ్ళీ వచ్చింది. జాబితా రాసిచ్చినా షాపులో పట్టించుకునేవాళ్ళు కాదు. ‘కొత్తవి’, ‘మెలొడీ’, ‘మాస్’, ‘భక్తి’ అని ఫోల్డర్లుండేవి, గంపగుత్తగా ఎక్కించేవాళ్ళు. పాడినవాళ్ళ పేర్ల చోట వెబ్‌సైటు పేరు, ‘ట్రాక్ 07’ అని ఒక అంకె. గౌహర్ జాన్ నూరేళ్ళ కిందట తగిలించుకున్న పేరు అక్కడ ఊడిపోయింది.

చిన్నమ్మ కూతురు పోలీసు కానిస్టేబులు సెలక్షన్లకి తయారవుతోంది. పొద్దున ఐదున్నరకి స్కూలు గ్రౌండులో పరుగు. ఆమె దగ్గర ఖరీదైన ఫోనుంది కానీ పరుగెత్తేటప్పుడు అది బరువు, చెమటకి జారుతుంది, పడితే అంతే. పైగా ఆన్‌లైన్లో పాట వింటుంటే సరిగ్గా ఆయాసం పట్టే చోట అడ్వర్టైజ్‌మెంటు వస్తుంది. అందుకని అగ్గిపెట్టెంత ప్లేయరు ఒకటి కొనుక్కుంది, చొక్కా అంచుకి తగిలించుకునేది. “అక్కా, దీంట్లోకి పాటలు ఎక్కియ్యి” అని నా దగ్గరికి తెచ్చింది. సాహిత్యంలో డాక్టరేటు ఉంది కాబట్టి నాకు మంచి పాటలు తెలుస్తాయని దాని నమ్మకం.

పని మొదలుపెట్టాక తెలిసింది ఎంత చిక్కో. పరుగులో దాని అడుగులు నిమిషానికి నూట అరవై దాకా పడతాయి. ఆ లెక్కకి సరిపడే దరువు, లేదా అందులో సగం ఉన్న దరువు కావాలి. లయ అడుగుకి కుదిరితే అలసట ఆలస్యంగా తెలుస్తుందని కసరత్తు శాస్త్రంవాళ్ళు, ముఖ్యంగా లండన్ బ్రూనెల్ విశ్వవిద్యాలయంలో కోస్టాస్ కరగోర్గిస్, చాలా ఏళ్ళుగా పరీక్షించి చెప్తున్నారు. నేను ఏరిపెట్టుకున్న మంచి సాహిత్యమున్న పాటలన్నీ ఊయలకి పనికొస్తాయి, పరుగుకి కాదు. దరువు సరిపోయిన సినిమా పాటల్లో సగానికి సగం ఆడదాని నడుము గురించి, ఆమెని దారిలో అడ్డుకోవడం గురించి. దారిలో తనని అడ్డుకోకుండా ఉండాలనే పోలీసు ఉద్యోగానికి పరుగెత్తుతున్న పిల్ల చెవిలో ఆ పాట పెట్టాలా? నేను తీసేస్తుంటే అది ఆపింది. “మాటలు ఎవురు ఇంటారక్కా, నాకు డప్పు చాలు. ఆ డప్పు కొట్టేటోడు నా కోసరమే కొడతా ఉండాడని పరిగెత్తుకుంటా.”

దీనికి నా దగ్గర సిద్ధాంతం ఉంది. ఆధిపత్య సంస్కృతిని పాఠకురాలు తనకి కావాల్సినట్టు మలుచుకుంటుందని పేజీలు రాయగలను. అయినా మనసొప్పలేదు. మాటలు వినకుండానే ఒంటికెక్కుతాయి, రోకటి పాటలో అత్తింటి బుద్ధులు ఎక్కినట్టే. మేమిద్దరం రెండు సాయంత్రాలు వాదించుకుని పద్దెనిమిది పాటలు తేల్చాం. ఐదు తీన్మార్ దరువులు, అసలు మాటలే లేనివి. నాలుగు ఉద్యమ పాటలు, గజ్జె చప్పుడుతో. మిగతావి దానికి నచ్చిన సినిమావి. అందులో రెండిటిని నేనెంత చెప్పినా తీయనివ్వలేదు. అది దాని ప్లేయరు. దాని జాబితా మీద దిద్దుబాట్లు నావి కాకూడదు కదా. పాటల నిడివి పరుగుకి సరిపోయేలా ఫోనులోనే కత్తిరించుకుంది. ఫైళ్ళకి పేర్లు కూడా అదే మార్చింది: ‘మొదటి రౌండు’, ‘గాలి’, ‘ఆపొద్దు’.

ఇదంతా చూస్తూ కూర్చున్న అవ్వని దంపుళ్ళ పాట ఒకటి పాడమంది. “చేతిలో పని లేకుండా పాట యాడ వొస్తుంది?” అంది అవ్వ. ఎంత బతిమాలినా రెండో చరణం గుర్తు రాలేదు. చిన్నమ్మ రోట్లో మిరపకాయలు పోసి రోకలి చేతికిచ్చింది. నాలుగు పోట్లు పడేసరికి పాట దానంతటదే వచ్చేసింది. చరణం తర్వాత చరణం, నేను ఏ సంకలనంలోనూ చూడనివి కొన్ని. ఫోనులో రికార్డు చేశాం. రోకలి పోటు పడ్డ ప్రతిచోటా అవ్వ గొంతు మునిగిపోయి, పోటుకీ పోటుకీ మధ్య తేలుతుంది. ఎంపీత్రీగా మార్చాక ఇంకొంచెం మునిగింది. నేను మార్చని ఫైలుని విడిగా దాచుకున్నాను, అవ్వ పూర్తిపేరు, ఊరు, తేదీ రాసి.

ఆ పాట పరుగుకి పనికిరాదు, చాలా నిదానం. చెల్లెలు దాన్ని పంతొమ్మిదోదిగా, చివర్లో పెట్టుకుంది. పరుగయ్యాక గుండె దడ తగ్గేదాకా గ్రౌండు చుట్టూ నడవాలట, దానికి. సెలక్షను రోజున చెవిలో ఏమీ పెట్టుకోనివ్వరు కదా, అప్పుడెట్లా అనడిగాను. “నోటికొచ్చేసుంటాయిలే అప్పటికి” అంది.